అలోన్సో "జీపీ2 ఇంజన్" అని అరిచింది ఎవర్ని తిట్టడానికి? మెక్‌లారెన్-హోండా 2015-17 పంచాయితీ

స్లిప్‌స్ట్రీమ్_శీను

అబుదాబి ఫార్ములా వన్ (ఎఫ్1) రేసు హడావుడి సద్దుమణిగింది కదా, తీరిగ్గా ఒక పాత పంచాయితీ పెడదాం. ఈ ఏడాది (2025) టైటిల్ చివరి రేసు దాకా వెళ్లింది, మెక్‌లారెన్ డ్రైవర్ నోరిస్ రెండు పాయింట్లతో గట్టెక్కాడు. గమనించారో లేదో, ఒక పక్క మెక్‌లారెన్, ఇంకో పక్క రెడ్‌బుల్ కారులో హోండా ఇంజన్‌తో వెర్‌స్టాపెన్. 2017 సెప్టెంబర్‌లో సింగపూర్‌లో నీ దారి నీది, నా దారి నాది అని తెగతెంపులు చేసుకున్న మెక్‌లారెన్, హోండాలే ఇప్పుడు చాంపియన్‌షిప్ కోసం ఎదురెదురుగా నిలబడ్డారు. కలిసున్న మూడేళ్లలో మాత్రం ఇద్దరికీ కలిపి ఒక్క పోడియం (మొదటి మూడు స్థానాల్లో ఏదైనా) లేదు.

వచ్చే ఏడాది (2026) హోండా ఆస్టన్ మార్టిన్ టీమ్‌కి వెళ్తోంది. ఆ కారులో కూర్చునేది ఎవరు? అలోన్సో. 2015లో సుజుకాలో, అంటే హోండా కట్టుకున్న సొంత సర్క్యూట్‌లో, రేడియోలో "జీపీ2 ఇంజన్, జీపీ2 ఇంజన్" అని ప్రపంచం మొత్తానికి వినపడేలా అరిచిన అదే మనిషి. జీపీ2 అంటే ఎఫ్1 కింద ఉండే చిన్న తరగతి రేసులు. 2025 చివరికి వయసు 44.

నా మాట ముందే చెప్పేస్తా. ఇంజన్ నాసిరకం, అందులో రెండో మాట లేదు. కానీ అది అలా తయారవడంలో సగం పాపం మెక్‌లారెన్‌ది. అలోన్సో కోపం న్యాయమే, తిట్లు మాత్రం ఒక్కళ్లకే పడ్డాయి. ఇక కానివ్వండి.

నెల్లూరు_నైట్రో

ఏంది శీనన్నా, పొద్దున్నే మొదలుపెట్టినావు. ఇందులో తేల్చేదానికి ఏముందబ్బా? 2015 మెల్‌బోర్న్ చూడు. క్వాలిఫయింగ్‌లో మెక్‌లారెన్ వాళ్లు బటన్ 17, అలోన్సో బదులు దిగిన మాగ్నసెన్ 18. ఆఖరి వరస. మాగ్నసెన్ కారు గ్రిడ్‌కి వచ్చే దారిలోనే పొగ కక్కి ఆగిపోయింది, రేసు మొదలే కాలేదు వాడికి. బటన్ పాపం చివరిదాకా లాక్కొచ్చాడు, 11వ స్థానం. అంటే ఆఖరు, రెండు ల్యాపులు వెనక.

అదే ఏడాది స్పాలో అలోన్సో, బటన్ ఇద్దరికీ కలిపి 105 స్థానాల గ్రిడ్ పెనాల్టీ (ఇంజన్ భాగాలు మార్చినందుకు స్టార్టులో వెనక్కి జరపడం). గ్రిడ్ మీద ఉండేదే 20 కార్లు. ఆ లెక్కన వాళ్లు రేసు మొదలుపెట్టాల్సింది బెల్జియంలో కాదు, సరిహద్దు దాటి జర్మనీలో.

రెండు టైటిళ్లు గెలిచినోడికి ఇట్టాంటి ఇంజన్ ఇచ్చి, రేడియోలో నోరు మూసుకోమంటే ఎట్టా?

గ్రిడ్_గిరి

105 😂 ఆ ఏడాది పెనాల్టీ లెక్కలు వెయ్యడానికి రేసు రూల్సు చూసే ఎఫ్ఐఏ వాళ్లు కాలిక్యులేటర్ కొనుక్కుని ఉంటారు.

పాతకాపు_88

నైట్రో బాబూ, నీ ఆవేశం అర్థమైంది. కానీ ఆ కోపం అంత పెద్దదవడానికి వెనక ఒక కథ ఉంది. నా పేరు చివర ఆ అంకె ఊరికే పెట్టుకోలేదు. 1988లో మెక్‌లారెన్-హోండా 16 రేసుల్లో 15 గెలిచింది. పోయిన ఆ ఒక్కటీ మోంజాలో. లీడ్‌లో ఉన్న మెక్‌లారెన్ డ్రైవర్ సెనా, ల్యాపు వెనకబడ్డ ష్లెసర్ కారును తగిలి ఆగిపోతే ఫెరారీ డ్రైవర్ బెర్గర్ గెలిచాడు. కంపెనీ పెట్టిన ఎంజో ఫెరారీ పోయిన నెల లోపే ఫెరారీ వాళ్లకు సొంత గడ్డ మీద ఆ గెలుపు దక్కింది. 1988 నుంచి 1991 దాకా వరసగా నాలుగు టీమ్ టైటిళ్లు, నాలుగు డ్రైవర్ టైటిళ్లు. అప్పట్లో మాకు రేసు చూసే భాగ్యం ఎక్కడిది, ఎప్పుడో వచ్చే పత్రికల్లో ఆ ఎరుపు తెలుపు కారు ఫొటో కనపడితే కత్తిరించి దాచుకునేవాళ్లం.

2013లో "మళ్లీ కలుస్తున్నాం" అని ప్రకటించినప్పుడు అందరికీ గుర్తొచ్చింది ఆ ఫొటోయే. మెక్‌లారెన్ పెద్ద రాన్ డెన్నిస్‌కీ అదే గుర్తొచ్చింది, హోండా పెద్దలకీ అదే. వెనక్కి చూసుకుంటూ ఒప్పందం రాసుకున్నారని నా అభిప్రాయం. 1988 నాటి హోండా అప్పటికే కొన్నేళ్లుగా ఎఫ్1లో టర్బోలతో నలిగి రాటుదేలిన హోండా. 2015లో వచ్చినవాళ్లు కొత్త ఇంజనీర్లు, కొత్త రూల్సు, 2008 చివర్లో తలుపులు మూసుకుని వెళ్లిపోయాక మళ్లీ అడుగుపెట్టినవాళ్లు. పేరొకటే పాతది.

డైనో_రూమ్

ఇంజన్ టెస్ట్ బెడ్ల మీద పని చేసేవాణ్ని కాబట్టి ఒక మాట. "పవర్ తక్కువ" అని అందరూ ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అసలు జబ్బు వేరే.

ఆ రూల్సులో ఇంజన్ అంటే 1.6 లీటర్ వీ6 టర్బో, దానికి రెండు మోటార్లు. ఒకటి ఎంజీయూ-కే. అది క్రాంక్‌షాఫ్ట్‌కి తోడవుతుంది, గరిష్ఠం 120 కిలోవాట్లు, అంటే 160 గుర్రాల చిల్లర. రెండోది ఎంజీయూ-హెచ్. అది టర్బో షాఫ్ట్ మీద కూర్చుని, ఎగ్జాస్ట్‌లో వృథాగా పోయే శక్తి నుంచి కరెంటు తీస్తుంది.

ఇప్పుడు రూలు చూడండి. బ్యాటరీ నుంచి 'కే'కి ఒక ల్యాప్‌లో 4 మెగాజౌళ్లకు మించి ఇవ్వకూడదు. 'కే' బ్రేకింగ్‌లో 2 మెగాజౌళ్లకు మించి దాచుకోకూడదు. 'హెచ్'కి మాత్రం హద్దు లేదు. అది తీసిన కరెంటు నేరుగా 'కే'కి పంపితే ఏ లెక్కలోకీ రాదు.

లెక్క వెయ్యండి. 4 మెగాజౌళ్లంటే 120 కిలోవాట్లు 33 సెకన్లపాటు. 'హెచ్' పనిచెయ్యక, బ్రేకుల మీద దాచిన 2 మెగాజౌళ్లతోనే బతకాల్సొస్తే 16-17 సెకన్లు. సుజుకా ల్యాప్ నిమిషంన్నర పైమాటే, అందులో ఎక్కువ భాగం ఫుల్ త్రాటిల్. మరి మిగతా సమయం?

2015 హోండాలో కంప్రెసర్‌ని రెండు సిలిండర్ వరసల మధ్య, ఆ 'వీ' లోయలోకి దూర్చారు. అక్కడ ఎంత జాగా ఉంటే కంప్రెసర్ అంతే. చిన్న కంప్రెసర్, దానికి తగ్గ చిన్న టర్బైన్, 'హెచ్' తీయగలిగే కరెంటూ చిన్నదే. దాంతో స్ట్రెయిట్ మొదట్లో కారు బాగానే కదిలేది. సగం దాటేసరికి ఆ 160 గుర్రాలు ఒక్కసారిగా మాయం. పక్కవాడికి అవి ఇంకా ఉంటాయి. సుజుకాలో వెర్‌స్టాపెన్ టోరో రోసోలో (రెడ్‌బుల్ వాళ్ల రెండో టీమ్) అలోన్సోని పక్కన పెట్టి వెళ్లిపోయింది అలాగే. కాలు పూర్తిగా కిందికి తొక్కి ఉంది, కారు మాత్రం రావట్లేదు. ఆ నిమిషంలో నోట్లోంచి వచ్చిన మాట అది.

వరంగల్_వీ6

డైనో అన్నా, గింత మంచిగ ఎవ్వలు చెప్పలే నాకు. దండం.

నేను 2023 ఫిబ్రవరిల హుస్సేన్ సాగర్ కాడ ఫార్ములా ఈ రేసుకు పోయిన. గ్రాండ్‌స్టాండ్ల కూసుంటే కార్లు మూలమలుపుకు చానా ముందుగాల్నే సప్పుడు తగ్గించుడు ఇనొస్తది. గప్పుడు గిదేంది, రేసుకొచ్చి బ్యాటరీ పొదుపు చేస్తున్నరని నవ్వుకున్నం. ఆఖరుకు వెర్న్ గెలిచిండు. క్యాసిడీ ఎనుక అంటుకునే ఉన్నా, ఉన్న కొంచెం ఎనర్జీతోని అడ్డం పెట్టుకుంట గీత దాటిండు. మరి అండ్ల అందరికీ ఒకటే బ్యాటరీ. హోండా కారుకు బ్యాటరీ నింపేటోడే లేకపాయె. గా తేడా నాకు ఇయ్యాల సమజైంది.

కానీ నా డౌటు ఏందంటే, కంప్రెసర్ చిన్నగ చెయ్యమని హోండాకు ఎవలు చెప్పిన్రు?

స్లిప్‌స్ట్రీమ్_శీను

ఆ ప్రశ్న కోసమే కూర్చున్నా తమ్ముడూ.

"సైజ్ జీరో" అని మెక్‌లారెన్ వాళ్లు పెట్టుకున్న పేరు. 2015 కారు ఎంపీ4-30 వెనక భాగం ఫొటోలు తీసి చూడు. ఇంజన్ కవర్ లోపల అసలు ఇంజన్ ఉందా అన్నట్టు ఉంటుంది. వెనక రెక్కకీ డిఫ్యూజర్‌కీ (కారు అడుగున వెనక భాగం) గాలి శుభ్రంగా అందాలంటే నడుము సన్నగా ఉండాలి, ఆ ఏరో కోసం ఇంజన్‌ని నొక్కేశారు. కాగితం మీద అద్భుతం. హోండా వాళ్లు సరే అన్నారు. వెయ్యిమంది పెళ్లికి టీ గిన్నె ఇచ్చి పులిహోర కలపమన్నట్టు అయింది.

నెల్లూరు_నైట్రో

ఆ "సరే" అన్నదెవరు మరి? గిన్నె చాలదని వంటాయనకే తెలియాల. హోండా అంటే సందు చివర మెకానిక్ షెడ్డు కాదు కదన్నా. "ఈ సైజులో కుదరదు" అని ఒక్క మాట అనుంటే అయిపోయేది. ఒప్పుకోనూ ఒప్పుకున్నారు, "బాగానే ఉన్నాం, వచ్చేస్తున్నాం" అని పత్రికలకు చెప్పుకుంటా తిరిగారు.

ఎపెక్స్_అనిత

ఇక్కడ నైట్రోతో ఏకీభవిస్తున్నా. అలా కుదరదని చెప్పగలిగిన హోండా మనకు తర్వాత కనిపించింది, 2015లో కాదు. అప్పటి హోండా ప్రాజెక్ట్ అధిపతి అరాయ్ స్వయంగా ఆ ప్యాకేజింగ్‌ని గొప్పగా చెప్పుకున్నవాడే. 2016 మొదట్లో ఆయన్ని మార్చి హసెగావాని తెచ్చారు.

కానీ అలోన్సో విషయంలో నేను మీ అందరికీ అడ్డం. రేడియో తిట్లను మనం మీమ్స్‌గా చూసి నవ్వుకున్నాం. ఆ తిట్టు వినపడింది టీవీలో మనకే కాదు. సుజుకా స్టాండ్స్‌లో ఆ రోజు వేలమంది హోండా ఉద్యోగులు, కుటుంబాలు. జపాన్‌లో హోండా ఇంజన్ కేంద్రం సకురాలో రాత్రులు కూర్చుని ఆ టర్బోని సరిచేస్తున్న ఇంజనీర్‌కి, సొంత డ్రైవరే, సొంత ఊళ్లో, పరువు తీశాడు. పైగా అది ఒక్కసారి జారిన మాట కాదు. అదే ఏడాది కెనడాలో ఇంధనం పొదుపు చెయ్యమంటే "నాకొద్దు" అన్నాడు, ఇప్పటికే అమెచ్యూర్‌లా కనపడుతున్నాను అన్నాడు. 2017 బహ్రెయిన్‌లో జీవితంలో ఇంత తక్కువ పవర్‌తో ఎప్పుడూ రేసు చెయ్యలేదన్నాడు. ఆ ఏడాది స్పాలో ఇంకో అడుగు ముందుకేశాడు. ఇంజన్‌లో సమస్య అని చెప్పి కారు లోపలికి తెచ్చి ఆపేశాడు. తర్వాత హోండా డేటా చూస్తే లోపమేదీ కనపడలేదని వాళ్లే చెప్పారు.

కోపం రావడం వేరు. కోపాన్ని బేరంలో పావుగా వాడుకోవడం వేరు. 2017 వేసవికి అతను చేసింది రెండోది. ఇంజన్ మార్చకపోతే నేనుండను అన్న సందేశం ప్రతి రేడియో మాటలోనూ ఉంది.

గ్రిడ్_గిరి

బ్రెజిల్ 2015 క్వాలిఫయింగ్‌ని ఎవరూ తలచుకోరేం? కారు ఆగిపోయింది. మనిషి ట్రాక్ పక్కన మార్షల్ కుర్చీ లాక్కుని, కాళ్లు చాపుకుని, ఎండకి మొహం పెట్టి కళ్లు మూసుకున్నాడు. తర్వాత బటన్‌ని కూడా వెంటేసుకుని పోడియం ఎక్కి, "ఎలాగూ రేపు ఇక్కడికి రాలేం" అన్నట్టు జనానికి చేతులూపి దిగాడు. 2017 హంగరీలో ఏకంగా పోడియం కింద నేల మీద ఆ కుర్చీ బొమ్మ గీస్తే, రేసయ్యాక వచ్చి దాని పక్కన నిజం కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆరో స్థానం ప్లస్ ఫాస్టెస్ట్ ల్యాప్, ప్లస్ కుర్చీ. ఆ మూడేళ్లలో ఆ టీమ్ ఇచ్చిన వినోదమంతా ఆ కుర్చీ మీదే వచ్చింది.

కడప_కర్బ్

గిరీ నువ్వు నవ్విస్తాండావు గానీ, ఆ ఫాస్టెస్ట్ ల్యాప్ మాట గట్టిగా పట్టుకోప్పా. హంగరీలో ఫాస్టెస్ట్ ల్యాప్ కొట్టినాడంటే చాసీ (ఇంజన్ తీసేస్తే మిగిలే కారు) బాగున్నట్టే కదా? 2015 హంగరీలో అయిదు, 2016 మొనాకోలో అయిదు. స్ట్రెయిట్లు పొట్టిగా ఉండే చోటంతా కారు పైకొస్తాంది. అంటే తప్పంతా ఇంజన్దే. మెక్‌లారెన్ వాళ్లు అదే కదా చెప్పింది, మా చాసీ రెడ్‌బుల్‌తో సమానం అని.

స్లిప్‌స్ట్రీమ్_శీను

కర్బ్ అన్నా, సరిగ్గా ఆ మాటే వాళ్ల కొంప ముంచింది.

2018లో రెనో ఇంజన్ పెట్టుకున్నారు. అదే రెనో ఇంజన్ (బిళ్ల మీద వాచీ కంపెనీ పేరున్నా సరే) రెడ్‌బుల్‌లోనూ ఉంది. ఒకే ఇంజన్, రెండు చాసీలు. ఇంతకంటే శుభ్రమైన పరీక్ష ఎఫ్1లో దొరకదు. ఫలితం? రెడ్‌బుల్ నాలుగు రేసులు గెలిచింది: చైనా, మొనాకో, ఆస్ట్రియా, మెక్సికో. మెక్‌లారెన్‌కి ఏడాది మొత్తానికి 62 పాయింట్లు, ఒక్క పోడియం లేదు. జూలైలో టీమ్ నడిపే బూలియే రాజీనామా. ఏడాది చివర అలోన్సోనే ఎఫ్1 వదిలేసి వెళ్లాడు.

ఇంకొంచెం వెనక్కి వెళ్దాం. 2013లో మెక్‌లారెన్‌లో ఉన్నది మెర్సిడెస్ ఇంజన్. ఆ ఏడాదీ ఒక్క పోడియం లేదు. 2014లో అందరికంటే గొప్ప ఇంజన్ అదే మెర్సిడెస్‌ది, వీళ్లు అయిదో స్థానం. 2012 బ్రెజిల్‌లో బటన్ గెలిచాక, వాళ్లకు మళ్లీ గెలుపు దక్కింది 2021 మోంజాలో. ఆ తొమ్మిదేళ్లలో హోండా ఉన్నది మూడే. మిగతా ఏళ్లకు ఎవర్ని తిట్టాలి?

పొట్టి స్ట్రెయిట్ల ట్రాకుల్లో కారు బాగుండటం గురించి: ఇంజన్ బలహీనంగా ఉన్న టీమ్ ఎక్కడికెళ్లినా స్ట్రెయిట్ స్పీడ్ కోసం రెక్కలు తగ్గించుకుని తిరుగుతుంది, మొనాకో, హంగరీలో మాత్రం అందరూ పెద్ద రెక్కలే వేస్తారు. ఆ రెండు చోట్లా అలోన్సోలాంటి చెయ్యి పడితే కారు అసలు కంటే అందంగా కనపడుతుంది. దాన్ని చూసి "మా చాసీ అద్భుతం" అని నమ్మేశారు. గాలి సొరంగం (విండ్ టన్నెల్) డేటా నమ్మాల్సింది పోయి డ్రైవర్ ప్రతిభని డేటా అనుకున్నారు.

నెల్లూరు_నైట్రో

సరే, 2018 దెబ్బ ఒప్పుకోక తప్పదు. చాసీ గొప్పది కాదు. అయినా 2017 ఇంజన్ సంగతి చెప్పు. సైజ్ జీరో సాకు 2015కి సరిపోద్ది. 2017లో టోకెన్ల గొడవ లేదు, లేఅవుట్ మొత్తం మార్చుకునే స్వేచ్ఛ ఉంది, మార్చారు కూడా. మెర్సిడెస్ మాదిరి చేశారు. మరి బార్సిలోనా టెస్టులో మొదటి రోజే ఎందుకు చేతులెత్తేశారు? అలోన్సో ఊరికే అన్నాడా ప్రతి స్ట్రెయిట్‌లో 30 కిలోమీటర్ల వేగం తక్కువ అని?

డైనో_రూమ్

ఇది మంచి ప్రశ్న, దీనికి హోండానే జవాబుదారీ.

ముందు టోకెన్ల సంగతి, తెలియనివాళ్లకు: 2016 దాకా ఇంజన్లో ఏ భాగం మార్చాలన్నా టోకెన్లు ఖర్చు. 2015లో కొత్తగా వచ్చిన హోండాకి సీజన్ మధ్యలో వాడుకోవడానికి దక్కినవి 9. మూలంలోనే తప్పున్న ఇంజన్‌కి అవి ఏ మూలకీ చాలవు. అందుకే 2016లో టర్బో కాస్త పెంచి అదే లేఅవుట్‌తో నెట్టుకొచ్చారు, ఆరో స్థానం, 76 పాయింట్లు. ఆ మూడేళ్లలో మంచి ఏడాది అదొక్కటే. 2017కి తెల్ల కాగితం మీద మళ్లీ మొదలుపెట్టారు. అంటే రెండేళ్ల అనుభవంలో సగం చెత్తబుట్టలోకి.

2017 టెస్టు మొదటి రోజు ఆపింది ఆయిల్ ట్యాంక్. దీని వెనక ఒక చిన్న సంగతి ఉంది. డైనో (ఇంజన్ టెస్ట్ బెడ్) మీద ఇంజన్ బోల్టులేసి బిగించి ఉంటుంది. తిరుగుతుంది, వేడెక్కుతుంది, అరుస్తుంది, కానీ పక్కకి ఊగదు. ట్రాక్ మీద కారు బ్రేకేసి మలుపు తిరిగితే ట్యాంకులో నూనె ఒక గోడ మీదికి ఎక్కేస్తుంది, పంపు నోటికి నూనె బదులు గాలి అందుతుంది. రిగ్ మీద ఇది సరిగ్గా బయటపడలేదని వాళ్లే చెప్పారు. రెండోది, కొత్త దహన విధానాన్ని ముందు ఒకే సిలిండర్ ఉన్న పరీక్ష ఇంజన్ మీద అభివృద్ధి చేశారు, అక్కడ అంకెలు బాగా వచ్చాయి. ఆరు సిలిండర్లు కలిపాక ఆ అంకెలు రాలేదు. మూడోది వైబ్రేషన్. డైనో మీద ఇంజన్‌కి తగిలించేది బరువైన గట్టి షాఫ్ట్. కారులో తగిలేది గేర్‌బాక్స్, డ్రైవ్‌షాఫ్ట్, టైరు, ఇవన్నీ కాస్త మెలితిరిగే స్వభావం ఉన్నవి. గేరు మార్చినప్పుడల్లా ఆ మెలి వెనక్కి ఇంజన్‌కి తంతుంది.

మా పనిలో కొత్తవాళ్లకి మొదట నేర్పేది ఇదే, బెడ్ మీద బాగుంటే ఇంకా ఏమీ బాగున్నట్టు కాదని. కాబట్టి నైట్రో, 2017 విషయంలో నీదే పైచెయ్యి. అయితే ఇంజన్‌నీ గేర్‌బాక్స్‌నీ కలిపి రేసుకు ముందే నడిపి చూసుకోవాల్సిన బాధ్యత రెండు కంపెనీలదీ. ఒకళ్లు బ్రిటన్‌లో, ఒకళ్లు జపాన్‌లో, మధ్యలో సఖ్యత అంతంత మాత్రం.

వరంగల్_వీ6

అదే ఏడాది ఇండీ 500 సంగతి మర్వకున్రి. అలోన్సో మొనాకో రేసు ఇడిసిపెట్టి అమెరికా పోయిండు. అక్కడ 27 ల్యాపులు లీడ్ చేసిండు, పాణం లేచొచ్చింది నాకు అర్ధరాత్రి. ఇంక 21 ల్యాపులు ఉన్నయనంగ ఎనుకనుంచి పొగ. అండ్ల సుత హోండానే! గది అమెరికాల చేసిన ఏరే ఇంజన్ అనుకో, అయినా మనిషి నసీబ్ సూడున్రి. ఇగ గెలిచిందెవలు? సాటో. జపనీస్ డ్రైవర్, హోండా ఇంజన్.

గ్రిడ్_గిరి

స్క్రిప్టు రాసినవాడు అలోన్సో మీద పగబట్టాడు.

పాతకాపు_88

సఖ్యత మాట వచ్చింది కాబట్టి మెక్‌లారెన్ ఇంటి అలవాటు ఒకటి చెప్పాలి. 1992 చివర హోండా వెళ్లిపోయాక, 1994లో పూజో ఇంజన్ తెచ్చుకున్నారు. అదీ కొత్త ఇంజనే. సిల్వర్‌స్టోన్‌లో బ్రండిల్ కారు స్టార్టులోనే మంటలు కక్కింది. ఏడాది తిరక్కుండా పూజోకి నమస్కారం పెట్టి మెర్సిడెస్ దగ్గరికి వెళ్లిపోయారు. ఆ 1995 మెర్సిడెస్ తొలి కారు ఇంకా చోద్యం. కాక్‌పిట్ ఎంత ఇరుగ్గా చేశారంటే మాన్సెల్ అందులో పట్టలేదు. ప్రపంచ చాంపియన్ మొదటి రెండు రేసులూ ఇంట్లో కూర్చుంటే, వీళ్లు కారు వెడల్పు చేసుకున్నారు. సన్నగా చెయ్యాలన్న పిచ్చి 2015లో పుట్టింది కాదు, ఆ వంశంలోనే ఉంది.

తేడా ఎక్కడంటే, మెర్సిడెస్‌ని మాత్రం తొలి ఏడాది చూసి వదల్లేదు. ఓపిక పట్టారు. 1998లో హక్కినెన్ చాంపియన్ అయ్యాడు. హోండా విషయంలో ఆ ఓపిక మూడేళ్లకు అయిపోయింది. నాలుగో ఏడు ఎలా ఉండేదో టోరో రోసో చూపించింది.

ఎపెక్స్_అనిత

పాతకాపు గారూ, సరిగ్గా అక్కడికే వస్తున్నా. 2018 బహ్రెయిన్, హోండాతో టోరో రోసోకి రెండో రేసు, గాస్లీ నాలుగో స్థానం. మూడేళ్లు మెక్‌లారెన్ అయిదు దాటలేదు, వీళ్లు రెండో రేసులోనే దాటారు. అంతకుముందు ఆస్ట్రేలియాలో అయిదో స్థానం వచ్చినప్పుడు అలోన్సో "ఇక మనం పోరాడొచ్చు" అన్నాడు కదా, గాస్లీ బహ్రెయిన్‌లో గీత దాటాక రేడియోలో అదే మాట తిప్పి అన్నాడు. హోండా గ్యారేజీలో ఎంత నవ్వుకుని ఉంటారో.

రెడ్‌బుల్ వాళ్లు చేసిందేమిటి? ఇంజన్ ఏ సైజు కావాలో మీరే చెప్పండి, మేం చుట్టూ కారు కట్టుకుంటాం అన్నారు. టోరో రోసోని ఏడాదిపాటు ప్రయోగశాలగా ఇచ్చారు, అక్కడ పేలినవి పేలాయి, పెనాల్టీలు పడ్డాయి, ఎవరూ మైకు ముందు తిట్టలేదు. హోండా తన విమాన ఇంజన్ల విభాగం వాళ్లని పిలిపించి టర్బో, ఎంజీయూ-హెచ్ పని చూపించింది. టర్బైన్ తిప్పడం వాళ్లకు రోజూ చేసే పని.

2019 ఆస్ట్రియా. 2006 హంగరీ తర్వాత హోండాకి మొదటి గెలుపు. పోడియం మీద వెర్‌స్టాపెన్ ఛాతీ మీదున్న హోండా బిళ్లని వేలితో చూపించాడు. పక్కన హోండా తరఫున తనాబే ట్రోఫీ అందుకున్నాడు. 2021లో చాంపియన్.

అదే కంపెనీ. డ్రైవర్ ఒకడు వేలు చూపించి పరువు తీశాడు, ఒకడు వేలు చూపించి పరువు నిలబెట్టాడు.

నెల్లూరు_నైట్రో

అక్కా, అది న్యాయం కాదు. వెర్‌స్టాపెన్‌కి గెలిచే ఇంజన్ ఇచ్చారు కాబట్టి వేలు చూపించాడు. 2015 ఇంజన్ ఇచ్చి, సుజుకాలో ఎరిక్సన్ సాబర్ కూడా దాటుకుంటా పోతా ఉంటే అప్పుడు చూపించమను ఆ వేలు, ఏ వేలు చూపిస్తాడో!

ఇంకో మాట. అలోన్సో తిట్టాడు, నిజమే. ఒక్క ల్యాపయినా తేలిగ్గా తోలాడా? స్పా 2017 పక్కన పెట్టు. గెలవలేని కారులో ప్రతి ఆదివారం పదో స్థానం కోసం ప్రాణం పెట్టి తోలినోడు వాడు. 2013 స్పెయిన్ తర్వాత ఎఫ్1లో ఇవాళ్టిదాకా ఒక్క గెలుపు లేదు. 33 ఏళ్లకి వచ్చాడు మెక్‌లారెన్‌కి, 37కి వెళ్లాడు. ఆ ఏళ్లు ఎవరు తెచ్చిస్తారు? హోండా ఇంజనీర్‌కి మళ్లీ టైటిళ్లు వచ్చాయి, మెక్‌లారెన్‌కి వచ్చాయి. మధ్యలో పోయింది వాడొక్కడే.

కడప_కర్బ్

ఈ మాట మాత్రం గుండెకి తగిలింది నైట్రో.

స్లిప్‌స్ట్రీమ్_శీను

నైట్రో చివరి పేరా మీద నేనేమీ అనను, నిజం అది.

కాకపోతే రేడియో విషయంలో అనితతో ఒక చిన్న తేడా. వినపడ్డ రేడియో మాటల్ని ఎంచి వేసేది టీవీ వాళ్లు. అలోన్సో ఒక రేసులో వందసార్లు మాట్లాడితే మనకు వినిపించేది ఆ ఒక్కటీ. అయినా అతనికి అది తెలుసు, ఎక్కడ ఏ మాట అంటే వెలుగులోకి వస్తుందో అతని కంటే తెలిసినవాడు లేడు. సుజుకాలో అన్నది మాత్రం లెక్కేసి అన్నది కాదని నా నమ్మకం. 2017వి లెక్కేసినవే.

ఇక వచ్చే ఏడాది సంగతి. 2026 రూల్సులో ఎంజీయూ-హెచ్ లేదు. హోండాని మూడేళ్లు ఏడిపించిన ఆ భాగమే ఎగిరిపోయింది. 'కే' మాత్రం 120 నుంచి 350 కిలోవాట్లకు పెరిగింది, మొత్తం పవర్‌లో దాదాపు సగం కరెంటుదే. డైనో, నీకెలా అనిపిస్తోంది?

డైనో_రూమ్

'హెచ్' పోయిందని సంతోషించకండి. స్ట్రెయిట్ మధ్యలో గుర్రాలు మాయమయ్యే జబ్బు ఈసారి అందరికీ ఉంటుంది, ఎవరికి ఆలస్యంగా వస్తుందన్నదే పోటీ. 350 కిలోవాట్లు తాగే మోటారుకి బ్యాటరీ నింపేది బ్రేకింగూ, పెట్రోల్ ఇంజనూ మాత్రమే.

నాకు భయం వేరే. ఆస్టన్ మార్టిన్ 2026కి టీమ్ ప్రిన్సిపల్‌గా కూడా కారు డిజైనర్ న్యూయీ పేరే ప్రకటించింది. ఇంజన్ కవర్‌ని చొక్కా గుండీలు తెగేంత బిగువుగా కుట్టడంలో ప్రపంచంలో ఆయన్ని మించినవాడు లేడు. ఆయన "ఇంకొంచెం చిన్నది చెయ్యండి" అంటే హోండా ఏమంటుంది? 2015 హోండా సరే అంది. రెడ్‌బుల్‌లో ఆయనతోనే పని చేసిన హోండా మాత్రం కుదిరినంత వరకే ఒప్పుకుంది, 2021 ఇంజన్ చిన్నదిగా చేశారు, నడిచింది కూడా. అప్పటి జట్టులో చాలామంది ఇప్పుడు లేరు, అదే అనుమానం. ఊరట ఒకటుంది. ఆండీ కోవెల్ ఆ టీమ్‌లోనే ఉన్నాడు, ఇంజన్ భాగస్వాములతో సమన్వయం పని మీద. 2014 మెర్సిడెస్ ఇంజన్ చేసిన విభాగాన్ని నడిపింది ఆయనే.

వరంగల్_వీ6

అంటే హోండాను ఏడిపించిన మెర్సిడెస్ ఇంజన్ పెద్దమనిషి ఇప్పుడు హోండాకు కాపలా. ఇగ గీ కథ తెగదు.

మరి మొదటి టెస్టు ఎప్పుడు? టీవీల వస్తదా?

స్లిప్‌స్ట్రీమ్_శీను

2026 జనవరి 26 నుంచి బార్సిలోనా, తలుపులు మూసి. ఫిబ్రవరి 11 నుంచి బహ్రెయిన్, అది చూడొచ్చు.

డైనో_రూమ్

బహ్రెయిన్‌లో ల్యాప్ టైములు చూసి మోసపోవద్దు, టెస్టుల్లో ఎవరి పెట్రోల్ ఎంతో ఎవరికీ తెలియదు. మెయిన్ స్ట్రెయిట్ చివర స్పీడ్ ట్రాప్ (వేగం కొలిచే చోటు) అంకె చూడండి, అదే కారు వరసగా ఎన్ని ల్యాపులు బయట ఉంటోందో చూడండి. 20 ల్యాపులకు మించి ఆగకుండా తిరిగితే సగం బెంగ తీరినట్టే.

నెల్లూరు_నైట్రో

నేను మాత్రం రేడియో పెట్టుకుని కూర్చుంటా.